మాట ఆగితే తాడు లాగాలి

మా ఇంటి గడపకు పది అడుగుల దూరంలో ఒక నల్లని బండ ఉండేది. నలుగురు కూర్చునేంత వెడల్పు. అయినా దాని మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మిరపకాయలు కూడా ఎండబోసేవాళ్ళు కాదు. కోడి ఎక్కితే మా అవ్వ చీపురు విసిరేది.

ఆ బండ కింద జొన్న పాతర ఉంది. ఓర్వకల్లు వైపు మెట్ట ఊళ్ళలో పండిన జొన్నలను నేలలోనే దాచేవాళ్ళు. పాతర నోరు ఇరుకుగా ఉంటుంది, మనిషి భుజాలు ఓరగా తిప్పితే గానీ పట్టదు. కిందికి పోయేకొద్దీ కడవ పొట్టలాగా వెడల్పవుతుంది. అడుగునా చుట్టూ చొప్ప పరచి, జొన్నలు పోసి, పైన బండ మూసి, సందు లేకుండా బురద మెత్తేస్తారు. గాలి తగలని జొన్నలు ఏళ్ళ తరబడి చెడవని అంటారు.

దాంట్లోకి దిగడానికి ఒక పద్ధతి ఉంది. బండ తీసిన రోజు ఎవరూ దిగకూడదు. లోపలి గాలి మనిషిని చంపుతుంది. నోరు తెరిచి పెట్టి, వేపమండలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించాలి. తరువాత దీపం దింపి చూడాలి. దీపం నిలిస్తే మనిషి నడుముకు తాడు కట్టుకుని దిగవచ్చు. దిగిన మనిషి మాట్లాడుతూనే ఉండాలి. పాటో, తిట్టో, ఏదో ఒకటి. పైనున్నవాళ్ళు ఊఁ కొడుతూ ఉండాలి. మాట ఆగితే తాడు లాగాలి.

నాకు ఐదేళ్ళప్పుడు మా చిన్నాయన ఆ పాతరలోకి దిగాడు. ఆయన నవ్వుల మనిషి. అంతకు ముందు ఏడు కూడా దిగి, కావాలనే మాట ఆపేసి, అందరూ గోలపెట్టి లాగితే పళ్ళు ఇకిలిస్తూ పైకి వచ్చాడట. ఈసారి బండ తీసిన పూటే దిగాడు. ఎవరిదో గేదె గురించి ఏదో చెబుతూ ఉన్నాడు, మధ్యలో మాట ఆగింది. "మళ్లా నాటకం మొదులుపెట్నాడు సూడు" అని పైన ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను పాతర నోటి దగ్గర బోర్లా పడుకుని లోపలికి చూస్తున్నాను. నేనూ నవ్వాను. నవ్వడం అయిపోయాక తాడు లాగారు.

మా అవ్వ ఆ సాయంత్రమే బండ మూయించింది. తన చేతులతో తానే బురద మెత్తింది. లోపల ఇంకా సగానికి పైగా జొన్నలు ఉన్నాయి. "నా కొడుకును తిన్న జొన్నలు మనకొద్దు" అంది. పదకొండేళ్ళు వాటిని ఎవరూ తలవలేదు.

అప్పటి నుంచి మూసిన చోటు నాకు పడదు. దుప్పటి ముఖం మీదికి లాగుకోలేను. క్రిస్మస్ నాడు గుడి నిండితే వాకిలి దగ్గరే నిలబడేదాన్ని. ఎవరైనా తలుపు మూస్తే గుండె గొంతులోకి వచ్చి కూర్చుంటుంది. ఆ గొంతుతో వచ్చిన ఇంకో కష్టం కూడా ఉంది. నలుగురి ముందు నాకు మాట రాదు. మా నాయన మా సంఘం బడిలో పంతులు, ఆదివారాలు ప్రసంగం కూడా చేసేవాడు. ఆయన కూతురు వాక్యం ఒప్పజెప్పడానికి లేచి నిలబడితే ముందు వరుస పిల్లలకు కూడా వినబడేది కాదు. నాకు చేతనైనది చదవడం ఒక్కటే. బడి బీరువాలోని పుస్తకాలు మూడు నాలుగు సార్లు తిప్పాను. మిగిలిపోయిన హాజరు పట్టీ కాగితాలు కుట్టుకుని, పెన్సిలుతో రోజూ నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. చెప్పలేనివన్నీ అక్కడికి పోయేవి.

నాకు పదహారు నిండిన ఏడు వాన పడలేదు. దానికి ముందు ఏడు కూడా సరిగ్గా పడలేదు. బడి మూసేశారు. మా నాయన, అమ్మ కరువు పనికి పోయారు. నంద్యాల వైపు ఎక్కడో రోడ్డుకు కంకర కొడుతున్నారన్నారు. మా చెల్లెలికి తొమ్మిదేళ్ళు. అంత దూరం నడవలేదు. అవ్వ వల్ల అసలే కాదు. ఇద్దరినీ చూసుకోవడానికి నన్ను వదిలిపెట్టి పోయారు. "అంబలి పోసే చోటుండాది గదా, నెలలో వస్తాం" అని అమ్మ చెప్పింది. రెండు నెలలైంది. కబురు లేదు.

అంబలి పోసే చోటు రెండు మైళ్ళ దూరం. రోజూ పొద్దున కుండ తీసుకుని పోయి ముగ్గురికీ తెచ్చేదాన్ని. ఒకరోజు పోతే పొయ్యిలు ఆర్పి ఉన్నాయి. గింజలు రాలేదట, ఎప్పుడు వస్తాయో తెలియదట. ఉత్త కుండతో తిరిగి వచ్చాను.

చెల్లెలి కాళ్ళు అప్పటికే నీరు పట్టి ఉన్నాయి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండేది. ఆ గుంటను చూసి అది మొదట్లో నవ్వేది, ఆటలాగా మళ్ళీ మళ్ళీ నొక్కుకునేది. మా వీధిలో కాళ్ళు అట్లా ఉబ్బిన పిల్లలు ఇద్దరు ఆ నెలలోనే పోయారు. ముఖానికి కూడా నీరు ఎక్కితే ఇక ఆశ లేదని ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మూడు రోజులు తుమ్మ బంక, బచ్చలి కాడలు ఉడకబెట్టి పెట్టాను. నాలుగో రోజు పొద్దున దాని కళ్ళ కింద ఉబ్బు కనబడింది.

అవ్వ కూడా చూసింది.  తరువాత గడప బయటికి పాకినట్టు పోయి, బండ పక్కన కూర్చుని, గోళ్ళతో మట్టి గీకడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఏం చేస్తాండావు?"

"కనపడలేదా? గునపం తే."

"ఆ జొన్నలు వద్దన్నావు గదా."

"వద్దన్నా. అప్పుడు కడుపు నిండా తిని వద్దన్నా" అంది అవ్వ, తల ఎత్తకుండా.

పక్కింటి పెద్దమ్మ వచ్చి గునపం పట్టింది. ఆమెకు ఒక చేటెడు గింజలిస్తానని అవ్వ మాట ఇచ్చింది. బండ కదలగానే లోపలి నుంచి పులిసిన, పాతబడిన వాసన వచ్చింది. నేను నాలుగడుగులు వెనక్కి పోయాను. ఎవరు దిగాలన్న మాట ఎవరూ అనలేదు. పెద్దమ్మ పాతర నోరు కొలిచినట్టు చూసి, "నేను దిగితే ఈడనే ఇరుక్కుంటా. ఇంగ మీకు బండ అక్కరలే, నేనే మూత" అంది. అవ్వ నవ్వలేదు. నన్ను చూసింది. కరువు నన్ను బాగా సన్నం చేసి పెట్టింది.

"దీపం నిలిచే దాకా టైముండాది" అంది అవ్వ. "అంతలోపల గుండె గట్టి చేసుకో."

బడి బీరువాలో ఒక పాత పత్రిక ఉండేది. భయం పోవాలంటే భయపడే పనినే రోజుకు కొంచెం కొంచెంగా చేస్తూ పోవాలని అందులో ఎవరో రాశారు. చీకటికి భయపడేవాడు మొదట మసక వెలుతురులో కూర్చోవాలట. నాకు ఆ మాట నచ్చి కాగితంలో ఎక్కించుకున్నాను. రాసినవారికి ఎంత గడువు ఉండేదో తెలియదు. నాకు దీపం నిలిచేంత వరకే ఉంది.

మొదటి రోజు ఊరి వెనక రాతి గుట్టల్లోకి పోయాను. రెండు గుండ్ల మధ్య ఒక ఇరుకు సందు ఉంది, లోపలికి పోతే చీకటి. పడుకుని పాకాను. లోపల వీపుకు రాయి, రొమ్ముకు రాయి. ఊపిరి తీసుకుంటే రెండూ దగ్గరికి వస్తున్నట్టు అనిపించింది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దగ్గర వెనక్కి పాకి బయటపడ్డాను, మోకాళ్ళు రక్తం కారేలా. ఆ రోజు కాగితంలో రాసుకున్నది "ఇరవై" అన్న ఒక్క మాటే. పాతరలో గంప నింపడానికి ఎన్ని లెక్కపెట్టాలో నాకు తెలియదు. ఆ సాయంత్రం దింపిన దీపం సగం లోతులోనే ఆరిపోయింది.

రెండో రోజు ఇంట్లో ఉన్న ఖాళీ గాదెలోకి దిగాను. అది వెదురుతో అల్లి పేడ అలికిన పెద్ద బుట్ట, గింజలు పోసుకునేది. చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టి, తట్ట మూత వెయ్యమన్నాను.

"మూసినాక నేనేం చెయ్యల్ల అక్కా?"

"ఏమన్నా మాట్లాడతాండు. నేనూ మాట్లాడతా."

అది మూత వేసింది. "అక్కా, నువ్వు ఇప్పుడు జొన్నలా ఉండావు. నిన్ను దంచి సంగటి చేస్తా" అంటూ బయట నవ్వింది. అది నవ్వగా విని చాలా రోజులైంది. నేను జవాబు చెప్పాలి. నోరు తెరిచాను. నాలుక కదలలేదు. "అక్కా? ఓ అక్కా?" అంటోంది అది. అరవడం కూడా చేతకాలేదు. కాళ్ళతో తన్నాను. గాదె పక్కకు పగిలి, నేను వెదురు బద్దల మీద బయటికి పడ్డాను. అవ్వ చప్పుడు విని వచ్చి చూసి, "పోనీలే, గింజలుంటే కదా గాదె. ఆ బద్దలు పొయ్యిలోకి తే" అంది. దీపం ఆ పూట కూడా ఆరిపోయింది, అయితే ముందు రోజుకన్నా లోతుకు పోయి ఆరింది.

మూడో రోజు తాడు అడగడానికి పోవలసి వచ్చింది. మంచి మోకు దూదేకుల తాత ఇంట్లోనే ఉంది. అవ్వ నన్నే పొమ్మంది. ఆయన వాకిట్లో నిలబడి పిలవాలనుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఎండ నా కాళ్ళ మీదికి వచ్చింది. చివరికి ఆయనే చెంబు పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఎంతసేపట్నుంచి నిలబడుండావు పాపా? పిలిస్తే పలకనా?"

"మోకు..." అన్నాను.

"మీ నాయన గుడిలో వాక్యం చెప్తే మా ఇంట్లోకి వినపడ్తాది. ఆ గొంతులో చిటికెడన్నా నీకు పెట్టల్యా దేవుడు." అంటూ లోపలికి పోయి మోకు తెచ్చాడు. నా చేతికి ఇవ్వలేదు. తన భుజానికే వేసుకున్నాడు. "నేనే వస్తా. ఆ పొద్దు నాటకమని అనింది నేనే." ఆయన ముందు నడిచాడు, నేను వెనక. 

దీపం ఆ పొద్దుగూకే ముందు పాతర అడుగుదాకా పోయింది. చిన్నదైంది, నీలంగా మారింది, కాని ఆరలేదు. మరునాడు పొద్దున ఇంకోసారి చూసి దిగమన్నారు. పొద్దున ఇంకా బాగా వెలిగింది. ఆరిపోవాలని నేను ప్రార్థన చేశాను. చెల్లెలి ముఖం చూస్తూనే చేశాను. ఇప్పటికీ దాని గురించి ఏం చెప్పాలో నాకు తెలియదు.

నడుముకు మోకు తాతే కట్టాడు. ఆయన, పెద్దమ్మ తాడు పట్టుకున్నారు. గంపకు ఇంకో సన్న తాడు వేరేగా కట్టారు. అవ్వ పాతర నోటి దగ్గర కూర్చుంది, ఊఁ కొట్టడానికి. చెల్లెల్ని గడపకు ఆనించి కూర్చోబెట్టారు.

"మాట ఆగితే లాగేస్తా" అంది అవ్వ. "ఎందుకు ఆగింది, ఏమి అని అడిగేది లేదు. లాగేస్తా."

మొదటిసారి "దిగుతాండా" అన్నాను. అంతే. భుజాలు పాతర నోటికి రాసుకుని, మట్టి ముఖం మీద రాలి, కాళ్ళు గాలిలో వేలాడాయి. అట్టగట్టిన పైపొర విరిగి గింజల్లో మోకాళ్ళ దాకా దిగబడ్డాను. లోపల వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన మనిషి పక్కలాగా. ఆ గింజల మీదే కదా ఆయన పడిపోయింది అన్న ఆలోచన వచ్చింది. నడుము తెగిపోయేట్టు తాడు బిగిసింది. నేను పైన ఉన్నాను.

"ఏమైంది?" అన్నాను.

"మాట లేదు" అంది అవ్వ. ఆమె ముఖం బూడిదలా ఉంది.

రెండోసారి మాట్లాడుతున్నాననే అనుకున్నాను. ఒట్టు. "అవ్వా, నేను ఉండా, ఈడ ఉండా" అని చెబుతూనే ఉన్నాను. పెదవులు కదులుతున్నాయి. గంపలో రెండు దోసిళ్ళు కూడా పోశాను. మళ్ళీ తాడు బిగిసింది. గంప లోపలే బోర్లపడింది. పైకి వచ్చాక "చెప్తానే ఉండా గదా" అంటే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ ఏమీ వినబడలేదు.

"పాపా, నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా?" అన్నాడు తాత, అరచేతులు మట్టికి రుద్దుకుంటూ. "ఇంగొక్కసారి లాగుతా. అంతకు మించి నా చేతుల్లో బలం లేదు. తిన్నోడు లాగుతాడు గాని."

పెద్దమ్మ కొంగుతో చెమట తుడుచుకుంది. "సదువుకున్న పిల్లని పేరే గాని. మా పిల్లయితే ఈ పాటికి ఊరంతా తిట్టి గంప నింపుండు. పోనీ, అవ్వా, మూసేద్దామా? ఈ పిల్ల కూడా ఆడనే ఉండిపోతే నీకేం మిగులుతుంది?"

అవ్వ బండ మీద చెయ్యి పెట్టింది. ఆమె మూసేస్తుందనే అనుకున్నాను. మూసేస్తే బాగుండునని నా ఒళ్ళంతా అడిగింది.

అప్పుడు గడప దగ్గర నుంచి చెల్లెలు అంది. "అక్కా, దిగద్దులే. నాకు ఆకలి కావడం లేదు."

దానికి ఆ మాట అర్థం తెలియదు. మాకు తెలుసు. పోయిన ఇద్దరు పిల్లలూ చివర రెండు రోజులు అదే అన్నారు. అవ్వ బండ మీద నుంచి చెయ్యి తీసింది. నేను నోటి అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేశాను.

మూడోసారి కాళ్ళు గింజలకు తగలకముందే ఎక్కాలు మొదలుపెట్టాను. రెండో ఎక్కం. మా నాయన బడిలో పిల్లలందరూ ఒకేసారి అరిచేవాళ్ళు, ఆ గోలలో నా గొంతు కూడా కలిసేది. ఆ గోల చెవుల్లో ఉందనుకున్నాను. రెండొకట్ల రెండు. పైన అవ్వ "ఊఁ" అంది. రెండ్రెండ్ల నాలుగు. "ఊఁ". నా గొంతు పాతర గోడలకు కొట్టుకుని నాకే వినబడింది. ఎవరిదో గొంతు, మొద్దుగా, పెద్దగా. పైపొర జొన్నలు నల్లగా అట్టగట్టి ఉన్నాయి. వాటిని చేత్తో పగలగొట్టి పక్కకు తోశాను. కింద గింజ పొడిగా, రాలుతూ ఉంది. దోసిళ్ళతో గంపలోకి వేశాను. మొదటి గంప పైకి పోయింది. మూడో ఎక్కం, నాలుగో ఎక్కం. రెండో గంప. ఎనిమిదో ఎక్కం మధ్యలో నాకు ఏమీ గుర్తు రాలేదు. ఎనిమిదేడ్ల ఎంత? తల పూర్తిగా ఖాళీ అయింది. పైన నోటి దగ్గర వెలుతురు అవ్వ తలతో మూసుకుపోయింది. తాడు కదిలింది.

"సోమవారం" అన్నాను గట్టిగా.

"ఊఁ" అంది అవ్వ.

నా కాగితాల్లో రాసుకున్నది వరుసగా బయటికి వచ్చింది. అంతకన్నా కంఠతా వచ్చినది నాకు ఇంకేమీ లేదు. సోమవారం. అంబలి తెచ్చాను. ఎండ చాలా ఉంది. మంగళవారం. అంబలి తెచ్చాను. అవ్వకు దగ్గు. "ఊఁ." బుధవారం. అంబలి తెచ్చాను. ఈ రోజు కూడా.

"ఊఁ."

"ఈ రోజు కూడా" అని ఆ బుధవారం నుంచి ప్రతి రోజూ రాసుకున్నాను, ఇంకేమీ రాయకుండా. ఎవరైనా చదివితే తెలియకూడదని. ఇప్పుడు ఆ మాట అనేసి ఆగితే తాడు లాగుతారు. ఆగకూడదు. గింజలు వేస్తూ అరిచాను. ఈ రోజు కూడా దారిలో తాగాను. గుట్ట తిరిగాక ఎవరూ కనబడని చోట కూర్చుని తాగాను. రోజూ తాగాను. చెల్లెలి భాగంలో నుంచే తాగాను, ఎందుకంటే అది చిన్నది, అడగదు. తరువాత దాని ముంతలో నీళ్ళు పోసి కలిపాను. గురువారం కూడా. శుక్రవారం కూడా. దాని కాళ్ళు ఉబ్బినాక కూడా. దానికి పోసేటప్పుడు పలచగా ఉందేమక్కా అంటే, ఈ పొద్దు అందరికీ అంతే పోసినారని చెప్పాను.

పైన ఊఁ రాలేదు.

నేను ఆగలేదు. ఆగితే లాగుతారు. ఊఁ రాకపోయినా తాడు కదలలేదు, కాబట్టి వింటున్నారని తెలుసు. అదే మాట మళ్ళీ చెప్పాను, వేరే రోజులు పెట్టి. మూడో గంప పైకి పోయింది. నాలుగోది కూడా. గంప ఖాళీ చేసి దింపుతున్నారు, ఒక్కరూ పలకడం లేదు. అంతవరకూ నాకు పాతర భయం. అక్కడి నుంచి పైకి పోవాలంటే భయం వేసింది. "చాలు, లాగండి" అని నేనే అన్నాను చివరికి, చెప్పడానికి రోజులు మిగలక.

తాత నా నడుము తాడు విప్పాడు, ముడి మీదే చూపు పెట్టుకుని. పెద్దమ్మ తన చేటెడు గింజలు కొలుచుకుంటూ, "ఇంత గొంతు యాడ దాచుకున్నావే తల్లీ" అంది. అవ్వ నన్ను చూడలేదు. పిడికెడు జొన్నలు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.  తరువాత ఇసుర్రాయి దగ్గరికి పోయింది.

ఆ గింజలు ఎవరికైనా పడతాయో లేదో తెలియదు. అవ్వ ముందు తనకోసం కొంచెం అంబలి కాచుకుని తాగింది. "నాకేమన్నా అయితే మీరు ముట్టొద్దు" అని చెప్పి గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళు మూసుకునే తాగింది, మందు తాగినట్టు, ఒక్కొక్క గుటకకూ ఆగుతూ. నేను ఆమె ముఖం చూస్తూ, చెల్లెలు నన్ను చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. అవ్వకు ఏమీ కాలేదు.

అప్పుడు మా ఇద్దరికీ కాచింది. గంటె నా చేతికి ఇవ్వలేదు. రెండు ముంతల్లో తానే పోసి, ముందు ఒకటి చెల్లెలికి ఇచ్చి, రెండోది నా ముందు పెట్టింది. "ఇది దానిది. ఇది నీది" అంది. అంతకు మించి ఆ విషయం అవ్వ ఎన్నడూ ఎత్తలేదు. చెల్లెలు ముంతను రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా గోడ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి తాగింది. మొదటి గుటకలు కక్కింది. అవ్వ వీపు నిమిరి మళ్ళీ తాగించింది. నేను దగ్గరికి పోబోతే, "నువ్వాడనే ఉండు" అంది చెల్లెలు. కోపంగా అనలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి అన్నట్టు అంది.

ఆ వారమంతా రోజూ పొద్దున దిగాను. పత్రికలో రాసినట్టు భయం తగ్గుతుందని చూశాను. తగ్గలేదు. రోజూ దిగే ముందు కడుపులో ఉన్న ఆ కాస్త అంబలి కూడా పైకి వచ్చేది, అందుకని ఏమీ తాగకుండా దిగేదాన్ని. గొంతు మాత్రం వచ్చింది. ఎక్కాలు పదహారు దాకా అరిచి, మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని. ఊరి ఆడవాళ్ళు విని, తమ పాతరలు తెరిచి నన్ను పిలిచారు. నేను పాతరలో అరిచింది సగం ఊరికి వినబడింది, నా కథ వాళ్ళకు తెలుసు. అయినా సన్నగా ఉండి గొంతున్న మనిషి కావాలి. "రామ్మా ఎక్కాలమ్మా" అని పిలిచేవాళ్ళు. పోయేదాన్ని. ఇచ్చిన పిడికెడు ఇంటికి తెచ్చి అవ్వ ఒడిలో పోసేదాన్ని, దారిలో ఎక్కడా కూర్చోకుండా.

చెల్లెలి కళ్ళ కింద ఉబ్బు ముందు పోయింది. తరువాత కాళ్ళది. నొక్కితే పడే గుంట రోజురోజుకూ తొందరగా నిండేది. అది నన్ను చూడనిచ్చేది కాదు గనుక, నిద్రపోతున్నప్పుడు పగటి వెలుతురులో చూసేదాన్ని. నాయన దగ్గర నుంచి అప్పటికీ కబురు లేదు.

ఒక మధ్యాహ్నం అవ్వ కట్టెపుల్లల కోసం పెరట్లో ఉంది. నేను అప్పుడే ఒకరి పాతరలో నుంచి వచ్చి, తల నిండా దుమ్ముతో గడపలో కూర్చుని ఉన్నాను. పొయ్యి మీద అంబలి ఉంది. చెల్లెలు గోడ పట్టుకుని లేచింది. నెల తరువాత అది తన కాళ్ళ మీద నిలబడడం అదే మొదటిసారి. నేను కదలలేదు. గోడ వెంబడి ఒక్కొక్క అడుగు వేసుకుంటూ పొయ్యి దాకా పోయి కూలబడినట్టు కూర్చుంది. రొప్పుతోంది.

"నేను పోస్తాను ఉండు" అన్నాను.

"వద్దు. నాకొస్తాది."

గంటె ముంచి పైకెత్తి, అంబలి మళ్ళీ కుండలోకి జారేలా మెల్లగా వంచింది. ఎంత చిక్కగా పడుతుందో కళ్ళు చిట్లించి చూసింది. ఇంకోసారి ముంచి చూసింది. ఆ తరువాత తన ముంతలో తానే పోసుకుంది.